భూమి కంటే అడంగల్ పెద్దదైతే

దత్తమండలాల్లో థామస్ మన్రో 1802లో పొలం పొలానికీ సర్వే మొదలుపెట్టించాడు. ఏ చెక్క ఎవరి సాగులో ఉందో అడంగల్ దస్త్రంలో రాసుకుంటేనే శిస్తు లెక్క తేలుతుంది. కంప్యూటర్ కెర్నెల్‌కూ అలాంటి అడంగల్ ఒకటి ఉంది, దాని పేరు పేజీ టేబుల్. ప్రోగ్రాము వాడే చిరునామా ర్యామ్‌లో అసలు ఎక్కడుందో అందులో రాసి ఉంటుంది. చిక్కేమిటంటే ఆ దస్త్రమూ అదే ర్యామ్‌లో ఉండాలి. దాన్ని కుదించడం కెర్నెల్ రాసేవాళ్లు దశాబ్దాలుగా సానబెట్టుకుంటూ వచ్చిన విద్య.

ఎక్స్86-64 యంత్రంలో పేజీ అనే 4 కేబీ ముక్కకు 8 బైట్ల ఎంట్రీ పడుతుంది. 48 బిట్ల చిరునామాలంటే 256 టీబీ. అంతటికీ ఒకే బారు పట్టిక వేస్తే నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకూ, అంటే ప్రతి ప్రాసెస్‌కూ, 512 జీబీ కావాలి. అందుకే పట్టికను నాలుగు అంచెలుగా విడదీశారు. వాడని ప్రాంతం ఉంటే పై అంచెలోనే ఖాళీ అని గుర్తుపెడతారు, కింది టేబుళ్లు పుట్టవు. లేనిదాన్ని రాయకపోవడమే మొదటి పొదుపు.

ఇక ఉన్నదానికి ఖర్చు ఎంత? 1 జీబీకి 2 ఎంబీ. చూడ్డానికి చిన్నదే. కానీ 100 జీబీ ఉమ్మడి మెమరీని వెయ్యి డేటాబేస్ ప్రాసెస్‌లు వాడుకుంటున్నాయనుకోండి. ఒక్కోదానికి 200 ఎంబీ చొప్పున టేబుళ్లకే సుమారు 195 జీబీ పోతుంది. భూమికి దాదాపు రెట్టింపు అడంగల్!

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది హ్యూజ్ పేజీ. 512 చిన్న పేజీల బదులు 2 ఎంబీల ముక్కకు ఒకే ఎంట్రీ రాస్తారు. పై ఉదాహరణలో 200 ఎంబీ కాస్తా 400 కేబీకి దిగుతుంది. లైనక్స్ 2011లో, 2.6.38 వెర్షన్‌తో, ప్రోగ్రాము అడగకుండానే దీన్ని ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే 2 ఎంబీ ఖాళీ ఒకేచోట వరసగా దొరకాలి, అందులో కొంచెమే వాడినా మొత్తం ఖర్చు కింద పడుతుంది. రెండోది ఒకే టేబుల్‌ను అందరూ పంచుకోవడం. సొలారిస్‌లో ఈ పద్ధతి ఉంది. లైనక్స్ 2007లో హ్యూజ్ పేజీలకు మాత్రం దీన్ని తెచ్చింది. ఇక్కడ చిరునామాల హద్దులూ అనుమతులూ అందరికీ కలవాలి. ఒకరు వాటిని మార్చుకోవాలంటే ముందు ఉమ్మడి తెంచుకోవాల్సిందే.

ఇవి కాక మరో దారి టేబుల్ ఆకారాన్నే మార్చడం. చిరునామాలు చెదిరి ఉంటే అంచెల పట్టిక దండగ. ఒంటరి పేజీ ఒక్కదానికి మూడు కొత్త టేబుళ్లు పుట్టవచ్చు. హ్యాష్ పట్టికలో ఆ బెడద లేదు కానీ ప్రతి ఎంట్రీకీ గుర్తు, లింకు, చిరునామా కలిసి 24 బైట్లవుతాయి. మధుసూదన్ తాళ్లూరి, మార్క్ హిల్, యూసఫ్ ఖలీదీ 1995 ఎస్‌ఓఎస్‌పీ సదస్సులో దీనికి విరుగుడు చెప్పారు. పక్కపక్క పేజీలను గుంపుగా కట్టి, గుంపు మొత్తానికీ ఒకే గుర్తు, ఒకే లింకు ఇవ్వాలన్నారు. 16 పేజీలకు 384 బైట్లు పట్టేచోట 144 చాలు.

పొదుపు అక్కడితో ఆగలేదు. ప్రతి భౌతిక పేజీకీ లైనక్స్ 64 బైట్ల వివరం విడిగా ఉంచుతుంది. హ్యూజ్ పేజీల విషయంలో ఆ వివరం చాలావరకు ఒకే మాట మళ్లీమళ్లీ రాసినదే. 2021లో వచ్చిన 5.14 వెర్షన్ ఆ నకళ్ల చోటును వెనక్కి తీసుకోవడం నేర్చింది.

ఈ పద్ధతుల్లో ఏదీ ఉచితం కాదు. హ్యూజ్ పేజీలైనా, ఉమ్మడి టేబులైనా, పేజీలను విడివిడిగా కదిలించే, కాపాడే స్వేచ్ఛను ఎంతో కొంత వదులుకుంటేనే దస్త్రం తగ్గుతుంది. కాబట్టి సర్వర్ నడిపేవాళ్లు ముందు లైనక్స్‌లోని మెమ్‌ఇన్ఫో ఫైలులో పేజ్‌టేబుల్స్ వరస చూడాలి. అంకె చిన్నదైతే దాని జోలికి పోనక్కర్లేదు. పెద్దదైతే కొత్త ర్యామ్ కొనే ముందు హ్యూజ్ పేజీలు వేసి చూడడం మేలు.