సిక్ అనే రాయండి

ఈ వారం ఒక పత్రిక బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీని మళ్లీ ‘సిక్ యూనిట్’ అని రాసింది. ఒళ్లు మండింది. చేసినవాళ్ల పేర్లు కనబడకుండా చేసే ఇంగ్లిషు విశేషణాలతో నాది పాత పేచీ అని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుమోసిన నిజాం షుగర్స్ దానంతటది మంచం పట్టలేదు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించారు. మనుషుల నిర్ణయాలకు జబ్బు పేరెందుకు?

ఆ మాట వేషాలు అన్నీ ఇన్నీ కావు. లండన్‌లో సిక్ అయ్యానంటే వాంతి చేసుకున్నానని. అమెరికా కుర్రాళ్లకు పాట తెగ నచ్చినా సిక్కే. ఆర్మూరు నుంచి దుబాయ్ పోయిన పిల్లగాడు హోమ్‌సిక్ అయితే మాత్రం దానికి సిక్ లీవు ఉండదు.

క్రషింగ్ రోజుల్లో మా మేనమామ చెరుకు బండి మీద నేనూ శక్కర్‌నగర్ పోయేవాణ్ని. కాటా దాకా బండ్ల బారు, నెమరేస్తున్న ఎడ్లు, గాలి నిండా మడ్డి వాసన. కోసిన చెరుకు ఎండితే తూకమూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే మామ మోపుల మీద ఆకు కప్పి, బారు కదిలిందేమోనని రాత్రంతా లేచి చూసేవాడు. మొన్న ఆయన ముందు నా కోపం వెళ్లగక్కాను. మామ నింపాదిగా అడిగాడు: “పానం మంచిగ లేదంటున్నరంటే పానం ఉన్నట్టే గద అల్లుడా? మరి దవాఖానకు ఎవడు తీస్కపోయిండు?”

ఆ ప్రశ్నతో 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం తీసి చూశాను. పేరుకున్న నష్టాలు నికర విలువకు సమానమైనా, మించినా కంపెనీ సిక్. అలా తేలితే బతికించే దారి వెతకడానికి ఒక బోర్డు ఉండేది. 2016 డిసెంబర్ 1న ఆ చట్టం రద్దయింది. ఇప్పుడున్నది దివాలా కోడ్, అందులో పగ్గాలు అప్పులిచ్చినవాళ్లవి. దివాలా అన్నాక ముందు ఆస్తుల లెక్కే అడుగుతారు. సిక్ అంటే వైద్యం బాకీ ఉన్నట్టు.

కాబట్టి సిక్ అనే రాయండి, పక్కనే వైద్యం ఎందాకా వచ్చిందో కూడా రాయండి. పునరుద్ధరణకు 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. చెరుకు చేతికి రావడానికి దాదాపు ఏడాది. వరికి మళ్లిన రైతు మళ్లీ చెరుకు ముక్క నాటాలంటే, గానుగ ఏ నెలలో ఆడుతుందో ముందే చెప్పాలి.