సత్యశివసుందరముల సమన్వయము: కాంటు, ఆనందవర్ధనుడు

విజ్ఞానము, నీతి, కళ అను మూడింటిని ఒక్క దృష్టిలో సమన్వయింపవలెనని కోరువారికి ‘సత్యం శివం సుందరం’ అను మాట తరచుగా ఆధారమగుచున్నది. కాని మూడు పదములను ఒక వరుసలో నిలిపినంతమాత్రమున సమన్వయము సిద్ధింపదు. మూడును ఒకటే యన్నచో, కావ్యమును శాస్త్రముతోనో నీతితోనో కొలుచుటకు అడ్డేమి? ఈ ప్రశ్నకు జర్మను తాత్త్వికుడైన ఇమ్మాన్యుయేలు కాంటు (1724–1804) చూపిన మార్గము పరిశీలింపదగినది.

కాంటు ముందుగా వేరుచేసెను. 1781లో వెలువడిన ‘శుద్ధబుద్ధి విమర్శ’ ప్రకృతిజ్ఞానమునకు హద్దులు నిర్ణయించినది. 1788 నాటి ‘ఆచరణబుద్ధి విమర్శ’ నీతిని స్వేచ్ఛపై నిలిపినది. ప్రకృతి కార్యకారణబద్ధము, నీతి స్వేచ్ఛాశ్రితము. ఈ రెంటి నడుమనున్న అగాధమునకు సేతువుగా 1790లో ‘నిర్ణయశక్తి విమర్శ’ వెలువడెను. ఈ నిర్ణయశక్తికి ఆతడు ప్రత్యేక రాజ్యము నొసగలేదు. అది సేతువే కాని మూడవ తీరము కాదు. ఆ గ్రంథమున 59వ ప్రకరణములో సౌందర్యము నీతికి ప్రతీక యనెను, నీతియే యనలేదు. రెండుచోట్లను స్వార్థము ముందు నిలిచి తీర్పు చెప్పదు. రెండుచోట్లను సర్వసమ్మతి అపేక్షింపబడును. పోలిక ఆలోచనారీతిలోనిదే కాని విషయములోనిది కాదు.

ఇట్టి వివేకము మన ఆలంకారికులకు క్రొత్తది కాదు. 9వ శతాబ్దివాడైన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున, కావ్యములోని వ్యంగ్యార్థమును సత్యాసత్యములకై ప్రమాణాంతరములతో పరీక్షించుట నిష్ప్రయోజన మనెను. అచటనే, అనౌచిత్యము తప్ప రసభంగమునకు వేరు కారణము లేదనెను. కుమారసంభవమున పార్వతీపరమేశ్వరుల శృంగారవర్ణన అనుచితమే యైనను, కవిశక్తిచే ఆ దోషము కప్పబడినదని తీర్పు చెప్పెను. నీతి యిచట వెలినుండి శాసింపలేదు. ఔచిత్యరూపమున రసములోనికి ప్రవేశించినది.

కాంటు సమస్య ప్రకృతి, స్వేచ్ఛల సంబంధము. ఆనందవర్ధనుని సమస్య రసనిర్వాహము. కావున ఇరువురి సిద్ధాంతములు ఒక్కటే యనరాదు. అయినను, ‘కప్పబడినది’ అనుటలో దోషమున్నదను అంగీకారము కలదు. సహృదయుడు ఆనందించుచునే అనౌచిత్యమును గుర్తింపగలడు. ఒక తీర్పు మరియొక తీర్పును మాపివేయదు.

ఈ వివేకము లోపించినచో కలుగు నష్టమునకు తెలుగులోనే నిదర్శనము కలదు. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రకటింపగా, అశ్లీలమను పేర అది నిషేధమునకు గురియైనది; ఆ నిషేధము 1947 వరకు తొలగలేదు. అచట నీతి యొక్కటియే న్యాయస్థానమై, కావ్యగుణమునకు వాదించు అవకాశమైన నీయలేదు. దీనికి ప్రతిగా నేడు నీతిప్రశ్ననే నిషేధించుటయు న్యాయము కాదు. మూడు ప్రశ్నలను వేరువేరుగా అడిగి, మూడు సమాధానములను ఒక్క మనస్సులో నిలుపుకొనుటయే సమన్వయము.