వంత పాడేవారి విలువ

మన భాషలో ‘వంత పాడటం’ అనే మాటకు అంత మంచి పేరు లేదు. పెద్దవాడు ఏమన్నా తల ఊపేవాణ్ణి వంత పాడుతున్నాడని ఎగతాళి చేస్తాము. మన సాయంకాలపు తరగతులలో తెలుగు నేర్చుకున్న నేను కూడా ఆ మాటను మొదట నిందగానే నేర్చుకున్నాను. తరువాత షేక్ నాజర్ గారి బుర్రకథ విన్నప్పుడు నా పొరపాటు తెలిసివచ్చింది. బుర్రకథలో కథకుడు ఒక్కడు, వంతలు ఇద్దరు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు లోకం సంగతి చెబుతారు. కథకుడు ఊపిరి తీసుకునే చోట వారు అందుకుంటారు. అతడు దాటవేసిన సంగతిని ఆపి అడుగుతారు. వంత లేని కథకుడు ఎంతటి గొంతు గలవాడైనా ఉపన్యాసకుడే అవుతాడు గాని కథకుడు కాలేడు.

ఈ తూనికతో ఒక అమెరికా గాయకుణ్ణి తూచి చూడాలని నా ప్రయత్నం. ఆయన పేరు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. ఆయన వెనుక నిలిచిన వాద్యబృందం పేరు ఈ స్ట్రీట్ బ్యాండ్. న్యూజెర్సీ రాష్ట్రంలో బెల్మార్ అనే ఊరిలోని ఒక వీధి పేరే ఆ బృందానికి పేరయింది. 1972లో కూడిన ఆ బృందాన్ని 1989లో ఆయనే విడదీశారు, 1999లో ఆయనే మళ్ళీ కలుపుకొన్నారు. ఇరువది ఒక్క ఏళ్ళ తరువాత, 2020లో, వారు కలిసి ‘లెటర్ టు యూ’ అనే రికార్డు తెచ్చారు. ఆ రికార్డే నా విమర్శకు విషయం.

మన సాంస్కృతిక పత్రికలో రాక్ పాటల గొడవ ఎందుకని పెద్దలు అడగవచ్చు. అడగవలసిందే. నా సమాధానం ఇది. ఆ బృందంలో గిటారు వాయించే స్టీవెన్ వాన్ జాంట్ 1984లో మన దేశానికి వచ్చి ఇక్కడి వర్ణవివక్షను కళ్ళారా చూసి వెళ్ళారు. ఆ సంవత్సరమే ఆయన స్ప్రింగ్‌స్టీన్ బృందాన్ని విడిచారు. 1985లో యాభై మందికి పైగా గాయకులను, వాద్యకారులను కూడగట్టి ‘సన్ సిటీ’ అనే పాట తయారు చేశారు. బొఫుతత్స్వానా అనే పేరుకు మాత్రం స్వతంత్రమైన ప్రాంతంలో వెలసిన ఆ విలాస కేంద్రంలో తాము పాడబోమని వారందరూ ఆ పాటలో ప్రతిజ్ఞ చేశారు. ఆ వరుసలో స్ప్రింగ్‌స్టీన్ కూడా ఉన్నారు. బృందం విడిచిన స్నేహితుడు పిలిస్తే నాయకుడే వెళ్ళి వంత పాడాడన్నమాట. ఈ సంగతి మనకు సంబంధించనిదని ఎవరనగలరు?

ఇంకొకటి ఉంది. 1975లో వచ్చిన ‘బార్న్ టు రన్’ రికార్డు అట్టమీద ఒక చిత్రం ఉంటుంది. గిటారు పట్టుకొన్న తెల్లవాడు సాక్సఫోన్ వాయించే నల్లవాని భుజంపై ఆనుకొని నవ్వుతుంటాడు. ఆ నల్లవాడు క్లారెన్స్ క్లెమన్స్. డర్బన్‌లో గ్రే వీధి దుకాణంలో చిన్నతనంలో నేను మొదట చూసినది ఆ అట్టనే, పాట విన్నది తరువాత. ఎవరు ఎక్కడ నివసించాలో, ఏ బల్లమీద కూర్చోవాలో చట్టమే నిర్ణయించిన ఊరిలో ఆ భుజం ఒక పెద్ద వార్త. 1988 అక్టోబరులో ఆమ్నెస్టీ సంస్థ పర్యటనలో భాగంగా ఈ బృందం హరారేలో పాడినప్పుడు మన దేశంనుండి ఎందరో సరిహద్దు దాటి వెళ్ళి విన్నారు.

అయితే భుజం ఆనుకోనిచ్చిన మాత్రాన సమానత్వం వచ్చిందా? విమర్శకుడు ఇక్కడ ఆగి ఆలోచించాలి. అదే రికార్డులోని ‘జంగిల్‌లాండ్’ పాటలో క్లెమన్స్ వాయించిన సాక్సఫోన్ భాగం లోకప్రసిద్ధమైనది. దానిని స్ప్రింగ్‌స్టీన్ పక్కన కూర్చొని స్వరం తరువాత స్వరం చెప్పి, గంటల తరబడి వాయింపించి, తనకు నచ్చిన ముక్కలను ఏరి కూర్చారు. ఊపిరి క్లెమన్స్‌ది, ఆలోచన నాయకునిది. ఫలితం అద్భుతం. కాని అది వంత ప్రశ్న అడగటం కాదు, కథకుడు తన ప్రశ్నను వంత నోట పలికించటం.

ఈ నాయకునికి లోకం ఇచ్చిన బిరుదు ‘బాస్’. చిన్న చిన్న క్లబ్బులలో వాయించే రోజులలో యజమానుల దగ్గర డబ్బు వసూలు చేసి తోటివారికి పంచిపెట్టేవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఆ పేరు తనకు ఇష్టం లేదని ఆయన చెప్పుకొన్నారు. ఇష్టం లేకపోయినా పేరు అబద్ధం కాదు. 1989 అక్టోబరులో ఆయన ఒక్కొక్కరికి ఫోను చేసి ఇకమీద వేరే వారితో పని చేస్తానని చెప్పారు. క్లెమన్స్ అప్పుడు రింగో స్టార్ బృందంతో జపానులో ఉన్నారు. పదిహేడేళ్ళ సహవాసం ఒక ఫోనుతో ముగిసింది. చెరకు తోటలలో సర్దారు పిలిచి పని లేదంటే మూట కట్టుకొన్న ముత్తాతల సంతతివారము మనము. ఈ కథ వినగానే మన సానుభూతి ఎటు పోతుందో చెప్పనక్కరలేదు.

కాని న్యాయంగా చెప్పాలంటే, కళాకారుడు కొత్త దారి వెదకటం నేరం కాదు. తీర్పు చెప్పవలసింది పాటలు. 1992లో ఆయన ఒకే రోజున రెండు రికార్డులు విడుదల చేశారు, ‘హ్యూమన్ టచ్’, ‘లక్కీ టౌన్’ అని. పాత బృందంలో పియానో వాయించే రాయ్ బిట్టన్ వెంట ఉన్నారు. వాయించినవారు నేర్పరులే, తప్పు పట్టటానికి లేదు. అయినా ‘హ్యూమన్ టచ్’ వింటుంటే గాయకుడు చెప్పినదానికి ‘అవును’ అనే జవాబు తప్ప మరొకటి వినబడదు. జీతానికి వచ్చినవారు అడ్డుప్రశ్న వేయరు. ఆయన తప్పుదారి పట్టిన చోట ‘ఇదేమిటి అన్నా’ అని ఆపేవారు లేకపోయారు. మన తిట్టులోని అర్థంలో అదే నిజమైన వంత.

1995లో కొన్ని కొత్త పాటల కోసం బృందం తాత్కాలికంగా కలిసింది. 1999 ఏప్రిల్ 9న బార్సిలోనాలో పునస్సమాగమ పర్యటన ఆరంభమైంది. వాన్ జాంట్ కూడా తిరిగి వచ్చారు. ఆ సంవత్సరమే రాక్ సంగీత కీర్తిమందిరంలో స్ప్రింగ్‌స్టీన్‌కు స్థానం లభించింది, ఆయనకు ఒక్కరికే. బృందంతో కలిసి వెళ్ళాలని వాన్ జాంట్ అప్పుడే వాదించారని 2014లో బృందానికి ఆ గౌరవం దక్కిన సభలో స్ప్రింగ్‌స్టీన్ స్వయంగా ఒప్పుకొన్నారు. అప్పటికి ఇద్దరు లేరు. ఆర్గన్ వాయించే డానీ ఫెడరిచి 2008లో, క్లెమన్స్ 2011లో మరణించారు. పదిహేనేళ్ళు ఆలస్యంగా వచ్చిన సన్మానానికి దండ వేయటానికి మెడలు మిగలలేదు. ఇది ఆ సమాగమానికి అంటిన మచ్చ అని నేను అనుకుంటాను.

ఇక ‘లెటర్ టు యూ’. 2018లో జార్జ్ థీస్ అనే పాత మిత్రుడు మరణించటంతో ఈ రికార్డు పుట్టింది. 1965లో పాఠశాల పిల్లలుగా ఉన్నప్పుడు వారు కలిసి వాయించిన కాస్టీల్స్ అనే బృందంలో స్ప్రింగ్‌స్టీన్ ఒక్కరే మిగిలారు. 2019 నవంబరులో, 70 ఏళ్ళ వయస్సులో, న్యూజెర్సీలోని తన ఇంటి స్టూడియోలో పాత బృందాన్ని కూర్చోబెట్టి ఐదు రోజులలో ఈ రికార్డు ముగించారు. ఒకరి తరువాత ఒకరు వేరువేరుగా వాయించి అతికించటం కాక, అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి నాకు చాలా పెద్దదిగా తోచింది. ఇదివరలో ఆయన ప్రతి పాటను తానే ఇంట్లో నమూనాగా రికార్డు చేసి, ఎవరు ఏమి వాయించాలో దాదాపు నిర్ణయించి తెచ్చేవారు. ఈసారి నమూనాలు చేయవద్దని బిట్టన్ సలహా ఇచ్చారు. ఆయన విన్నారు. గిటారు పట్టుకొని పాట ఒకసారి పాడి వినిపిస్తే, మిగిలినవారు అక్కడికక్కడే తమ భాగాలు కల్పించుకొన్నారు. ‘జంగిల్‌లాండ్’ నాటి నాయకునికి, ఈ నాయకునికి ఎంత దూరమో చూడండి. వంతకు మాట ఇవ్వటానికి ఆయనకు నలభై నాలుగేళ్ళు పట్టింది.

ఫలితం అన్ని పాటలలో ఒకే తీరుగా లేదు. రికార్డు పేరు పెట్టిన పాటలోను, ‘ది పవర్ ఆఫ్ ప్రేయర్’లోను అందరూ ఒక్కసారిగా దూకుతారు. డ్రమ్ములు, గిటార్లు, ఆర్గన్, పియానో అన్నీ ఒకే మాటను ఒకే గొంతుతో అరుస్తాయి. సందడి ఉంది, సంభాషణ లేదు. ‘రెయిన్‌మేకర్’ కరవులో రైతులను మోసగించే వాన మాంత్రికుని గురించిన పాట. లోకం సంగతి చెప్పే వంతకు ఇంతకంటె మంచి అవకాశం రాదు. కాని పాట ఎవరినీ నిలదీయకుండా గర్జించి ఊరుకుంటుంది.

రికార్డులోని నిజమైన సంపద మూడు పాత పాటలు. ‘జేనీ నీడ్స్ ఎ షూటర్’, ‘ఇఫ్ ఐ వాజ్ ది ప్రీస్ట్’, ‘సాంగ్ ఫర్ ఆర్ఫన్స్’ అనేవి ఆయన 1973లో మొదటి రికార్డు రాకముందే వ్రాసుకొన్నవి. మాటలు కుప్పలుగా పోసే కుర్రవాని పాటలవి. అర్థం కంటె ఉత్సాహం ఎక్కువ. వాటిని ఈ రికార్డులో 70 ఏళ్ళ గరకు గొంతు పాడుతుంటే ఒక వింత జరుగుతుంది. పాత ఉత్తరం తనకే చేరినవాడు దానిని మెల్లగా చదువుకొంటున్నట్టు ఉంటుంది. ఇక్కడ బృందం తొందరపడదు. ఆర్గన్ ఒక మాట అంటుంది, గొంతు ఆలోచించి జవాబు చెబుతుంది. గ్యారీ టాలెంట్ బేస్ గిటారు నడక మార్చదు, మాక్స్ వైన్‌బర్గ్ డ్రమ్ములు పాటను తోయవు, మోస్తాయి. కుర్రవాడు వ్రాసినదానికి అర్థం ఏమిటో ముసలివారందరూ కూర్చొని తేలుస్తున్నట్టు తోస్తుంది.

‘లాస్ట్ మాన్ స్టాండింగ్’ థీస్ స్మృతిలో వ్రాసినది. అందులో సాక్సఫోన్ వాయించినవాడు జేక్ క్లెమన్స్, క్లారెన్స్ సోదరుని కుమారుడు. 2012లో పెద్దాయన స్థానంలోకి వచ్చాడు. ఇటువంటి వారసత్వం ఎంత కష్టమో మనకు తెలుసు. పోయినవారి పద్ధతిని విడిచిపెడితే తప్పంటారు, అలాగే అనుకరిస్తే చిలుక పలుకులంటారు. నాల్గవ తరంలో తెలుగు నేర్చుకొనేవారికి ఈ ఇరకాటం నిత్యానుభవం. జేక్ ఆ పెద్ద శబ్దాన్ని తెచ్చుకోవటానికి పాకులాడడు. చిన్న భాగం, కొద్దిగా అంచు తగ్గించిన నాదం, అంతే. ఆ ఖాళీలో పోయినవాడు వినబడతాడు. రికార్డు మొత్తంలో నాకు కన్నీరు తెప్పించిన చోటు అదొక్కటే.

మెచ్చుకోలుతో ముగిస్తే విమర్శ సగమే అవుతుంది. 2023లో ఈ బృందం మళ్ళీ పర్యటనకు బయలుదేరేముందు, 2022లో అమెరికాలో గిరాకీని బట్టి టికెట్ల ధర పెంచే పద్ధతి అమలైంది. కొన్ని టికెట్లు సుమారు 5,000 డాలర్ల వరకు పలికాయి. కార్ఖానా కార్మికుల బతుకును పాటలుగా కట్టినవాడు దానిని సమర్థించుకొన్నాడు. 1980నుండి ఆయన గురించి అభిమానులు నడుపుతూ వచ్చిన ‘బ్యాక్‌స్ట్రీట్స్’ అనే పత్రిక మనస్సు విరిగి, 2023 ఫిబ్రవరిలో మూతపడింది. చిన్న పత్రిక నడపటం ఎంత కష్టమో తెలిసిన మనకు ఈ వార్త చిన్నది కాదు. శ్రోత కూడా వంతే. నలభై మూడేళ్ళు వంత పాడినవాడు ఆపి అడిగిన ప్రశ్నకు కథకుని దగ్గర సమాధానం లేకపోయింది.

అందుచేత నా తీర్పు ఇది. ‘లెటర్ టు యూ’ గొప్ప రికార్డు కాదు. పన్నెండు పాటలలో ఆరు నిలుస్తాయి. కాని ఒక నాయకుడు వంతకు చోటివ్వటం ఎప్పుడు నేర్చుకొన్నాడో, ఎంతవరకు నేర్చుకొన్నాడో ఇంత స్పష్టంగా చూపే రికార్డు ఆయనది మరొకటి లేదు. మన భజన బృందాలలో ముందు పాట పాడే పెద్దలు దీనిని ఒకసారి వినవలెనని నా విన్నపం. తాళం వేసే పిల్లవానికి ఒక చరణం ఇచ్చి చూస్తే వాడు వచ్చే ధనుర్మాసానికి కూడా వస్తాడేమో.

2014 జనవరి 26న, మండేలా గారు పోయిన రెండు నెలలలోపే, ఈ బృందం కేప్‌టౌన్‌లో మొదటిసారి పాడినప్పుడు, తమ పాటతో గాక మండేలా విడుదల కోరుతూ 1984లో ఇంగ్లండువారు కట్టిన పాటతో ఆరంభించారు. ఇతరుల పాటకు వంత పాడి సభ మొదలుపెట్టటం మంచి మర్యాద. 2023 పర్యటనలో సభ ముగింపు ఇంకొక తీరుగా ఉండేది. చివరి పాట ఆయన ఒంటరిగా పాడేవారు. అంతకుముందు బృందంలోని వారు వేదిక దిగుతుంటే అంచున నిలబడి ఒక్కొక్కరిని పలకరించి సాగనంపేవారు. 1989లో వారిని పంపింది ఫోనులో. 2023లో ఎదురుగా నిలబడి పంపారు. ఆ తరువాత పాడిన ఒంటరి పాటలో గొంతు కొంచెం వణికినా, వినేవారికి అది ఒంటరి పాటగా తోచదు.