మేకపాల సబ్బు: మెట్ట మందకు తగిన పని

నెల్లూరు జిల్లా మెట్టలో ఆత్మకూరు, అనుమసముద్రంపేట, ఉదయగిరి దారుల్లో మేకల మంద ఎదురైతే ఆగి బేరమాడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పోతు ఎంతకిస్తావు, ఎన్ని కిలోలు తూగుతుంది, బక్రీదు దాకా ఉంచుతావా, మొక్కుకు ఒకటి కావాలి ఇస్తావా? ఇవే ప్రశ్నలు. పాలెన్ని ఇస్తుందని అడిగేవాళ్లు కనబడరు. మేకంటే ఇక్కడ మాంసం, మహా అయితే పొలానికి పెంట. పాలు పిల్ల తాగగా మిగిలితే ఇంట్లో టీకి పోతాయి, లేదా పక్కింటి పసిబిడ్డకు పోతాయి.

నెల్లూరు గొర్రెకు దేశమంతా పేరుంది. పల్ల, జోడిపి, దొర అని మూడు రకాలుగా గుర్తుపట్టే ఆ గొర్రె మన దేశపు గొర్రె జాతుల్లోకెల్లా ఎత్తయినది. ఇక్కడి మేకకు అలాంటి పేరేమీ లేదు. నల్లదో, ఎర్రదో, మచ్చలదో, మందలో పుట్టి మందలో పెరిగిన నాటు మేక అది. 2019 పశుగణన ప్రకారం దేశంలో 14.88 కోట్ల మేకలున్నాయి. మేకపాల ఉత్పత్తిలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. అయినా ఒక్కొక్క నాటు మేకను చూస్తే రోజుకు అరలీటరు అటూ ఇటూ. డెయిరీ క్యాన్లు నింపే పాలు కావివి. గాంధీజీ 1919 నుంచి మేకపాలే తాగారు, 1921 ఏప్రిల్ 7న ఈ జిల్లాలోనే పల్లిపాడులో పినాకినీ ఆశ్రమాన్ని ప్రారంభించారు. అంతటి మనిషి తాగినా మేకపాలకు మన అంగళ్లలో గిరాకీ రాలేదు.

ఇంత తక్కువ పాలకు సరిగ్గా సరిపోయే పని ఒకటుంది. అదే సబ్బు. లీటరు మేకపాలతో వంద గ్రాముల సబ్బులు నలభై దాకా వస్తాయి. నాలుగు పాలమేకలున్న ఇల్లు కూడా, పిల్లల వాటా ముట్టకుండానే, ఈ పని పెట్టుకోవచ్చు. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

సబ్బు కథ మందతో మొదలవుతుంది. ఈ మెట్టలో సోమశిల నీళ్లు అందిన చోట వరి, అందని చోట నిమ్మ, పొగాకు, కంది. మిగిలిందంతా బీడు, కంప. ఆ కంపే మేకకు మేత. గొర్రె నేల మీది గడ్డి కోసం తలవంచి నడుస్తుంది. మేక ముందుకాళ్లు కొమ్మకు ఆనించి నిలబడి రేగాకు, తుమ్మాకు, బలుసాకు అందుకుంటుంది. సర్కారు తుమ్మ కాయలు రాలే రోజుల్లో మందను చెట్ల కింద నుంచి కదిలించడం కష్టం. ఎండాకాలంలో కాపరి పొడవాటి గడకు కొడవలి కట్టి తుమ్మ కొమ్మలు దించుతాడు. తెలిసిన కాపరి చెట్టును మోడు చేయడు. ఈ ఏడు ఒక పక్క, వచ్చే ఏడు ఇంకో పక్క కొడతాడు. చెట్టు మళ్లీ చిగురు వేస్తేనే వచ్చే వేసవికి మేత ఉంటుందని అతనికి తెలుసు.

మేత కోసం ఈ సీమలో యుద్ధమే జరిగింది. కాటమరాజు కరువు కాలంలో ఆవుల మందలతో నెల్లూరు సీమకు వచ్చాడనీ, మేతకు కట్టే పన్ను పుల్లరి దగ్గర నెల్లూరు రాజు నల్లసిద్ధితో తగవు ముదిరి ఎర్రగడ్డపాటి దగ్గర పోరు జరిగిందనీ కాటమరాజు కథ చెబుతుంది. నెల్లూరు పక్షాన పోరాడిన వీరుడు ఖడ్గతిక్కన ప్రాణం పోయింది ఆ తగవులోనే. ఇప్పుడు పుల్లరి అడిగే రాజులు లేరు, కానీ బీడు ఏటేటా తగ్గుతోంది. తోటలకు కంచెలు పడ్డాయి, అడవిలోకి మంద తోలడానికి ఆంక్షలున్నాయి. తలల సంఖ్య పెంచుకుంటూ పోయి బతికే రోజులు కావివి. ఉన్న పది తలల నుంచే నాలుగు రూపాయలు ఎక్కువ రావాలి. పాల సబ్బు విలువ నాకు ముందుగా కనిపించింది ఇక్కడే. మందను పెంచకుండా రాబడిని పెంచే పని ఇది.

మేక చూలు ఐదు నెలలు. ఈనిన తర్వాత మొదటి మూడు నాలుగు రోజుల ముర్రుపాలు పిల్లవే, వాటి జోలికి పోకూడదు. ఆ తర్వాత కూడా రెండు చన్నుల్లో ఒకటి పిండి, ఒకటి పిల్లకు వదలడం మంచి పద్ధతి. రాత్రి పిల్లల్ని గంప కింద మూసి, తెల్లవారుజామున ఒక చన్ను పిండుకుని, తర్వాత గంప ఎత్తేస్తారు. పిల్ల పరుగెత్తుకెళ్లి పొదుగును తలతో పొడిచి రెండో చన్ను అందుకుంటుంది. పిల్ల బలంగా పెరిగితేనే పోతు ధర పలుకుతుంది. సబ్బు కోసం పిల్ల కడుపు కొట్టే ఇల్లు రెండు వైపులా నష్టపోతుంది.

పోతును పాలమేకలకు దూరంగా కట్టాలి. దాని వాసన పాలకు పడుతుంది, ఆ పాల నుంచి సబ్బుకూ పడుతుంది. వానలకు ముందే చిటుక రోగానికి టీకా వేయించడం, పారుడు రోగానికి టీకా వేయించడం, వేళకు నట్టల మందు పట్టడం ఎలాగూ చేసుకోవాల్సినవే. మందు వాడిన రోజుల్లో ఆ మేక పాలు పక్కన పెట్టాలి.

పిండేముందు పొదుగు కడిగి తుడవాలి. మొదటి రెండు మూడు ధారలు వదిలేయాలి. పాలు గుడ్డలో వడగట్టి, 300 గ్రాముల చొప్పున తూచి, సంచుల్లో పోసి వెంటనే ఫ్రీజర్‌లో గడ్డ కట్టించాలి. ఇది దాచుకోవడానికి మాత్రమే చేసే పని కాదు. గడ్డకట్టిన పాలు లేకుండా ఈ పద్ధతిలో పాల సబ్బు సరిగా కుదరదు.

ఎందుకో చెబుతాను. సబ్బు అంటే నూనె, క్షారం కలిసి మారిన పదార్థం. ఆ మార్పులో గ్లిజరిన్ కూడా పుడుతుంది. పూర్వం మనవాళ్లు ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ, బట్టలకు చౌడు మన్ను వాడారు. ఉత్తరేణి కాల్చిన బూడిద నుంచి క్షారం తీయడం ఆయుర్వేదానికి తెలుసు. ఇప్పటి గట్టి సబ్బుకు వాడే క్షారం కాస్టిక్ సోడా. అది నీళ్లలో పడగానే గిన్నె పట్టుకోలేనంత వేడి పుడుతుంది. అదే వేడి పాలలో పుడితే పాలలోని చక్కెర మాడి నారింజ రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. ముక్కు పుటాలు అదిరే ఘాటు వాసన కూడా వస్తుంది. పాలు గడ్డగా ఉంటే ఆ వేడిలో ఎక్కువ భాగం గడ్డను కరిగించడానికే ఖర్చవుతుంది.

ఒక ఘానకు లెక్క ఇలా వేసుకోవచ్చు. కొబ్బరినూనె 500 గ్రాములు, నువ్వులనూనె 400, ఆముదం 100. కొబ్బరినూనె గట్టిదనాన్నీ, నురగనూ ఇస్తుంది. నువ్వులనూనె మెత్తదనానికి, ఆముదం ఆ నురగ నిలవడానికి. ఈ మూడూ పూర్తిగా సబ్బుగా మారాలంటే దాదాపు 157 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. కానీ 150 గ్రాములే వేస్తారు. ఆ తగ్గించిన కొద్దిలోనే పనితనం ఉంది. క్షారమంతా ఖర్చయిపోయి, నూనెలో నూటికి ఐదు పాళ్లు సబ్బుగా మారకుండా మిగులుతుంది. ఒంటిని ఎండబెట్టకుండా చూసేది అదే. ఏ నూనె మార్చినా లెక్క మారుతుంది, ఎందుకంటే ప్రతి నూనెకూ క్షారం వేరువేరు మోతాదుల్లో కావాలి. కంటి అంచనా, చేతి గుప్పెడు ఇక్కడ పనికిరావు. గ్రాము దాకా తూచే కాటా లేనిదే ఈ పనిలో దిగకూడదు.

రోహిణి కార్తెలో ఈ మెట్ట ఎండ చెప్పనక్కర్లేదు. అందుకని పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి. పాలగడ్డను చితక్కొట్టి స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను ఐసు నీళ్ల తొట్టిలో కూర్చోబెడతారు. కాస్టిక్ సోడాను చెంచాడు చెంచాడుగా చల్లుతూ కలపాలి. తొందరపడితే అంచుల్లో పసుపు చార తేలుతుంది. అది కనబడితే చెయ్యి ఆపి చల్లారనివ్వాలి. పాల మీదికే సోడా చల్లాలి గానీ, సోడా మీద పాలు పోయకూడదు. సత్తు గిన్నె అసలు వాడకూడదు. క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది, మండే వాయువు పుడుతుంది. చేతి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఒంటి మీద పడితే ధారగా నీళ్లు పోస్తూ చాలాసేపు కడగాలి. పిల్లలు తిరిగే వంటింట్లో ఈ పని వద్దని గట్టిగా చెబుతున్నాను.

కరిగిన ఆ పాలను నూనెల్లో వడగట్టి పోసి, కవ్వంతోనో కరెంటు బ్లెండర్‌తోనో తిప్పుతారు. మొదట నూనె, పాలు వేటికవే కనిపిస్తాయి. తర్వాత రంగు పాలిపోతుంది, చిక్కబడుతుంది. గరిటె ఎత్తి జారవిడిస్తే ఆ ధార గీత పైన కాసేపు నిలవాలి, దోసెపిండి మీద నిలిచినట్టు. అప్పుడు అచ్చుల్లో పోయాలి. మామూలు సబ్బును దుప్పటి కప్పి వేడిగా ఉంచుతారు. పాల సబ్బుకు అది పనికిరాదు. పాల చక్కెర వల్ల లోపల వేడి పెరిగి నడుమ పగులుతుంది, ఒక్కోసారి పొంగి అచ్చు దాటుతుంది. అందుకే చల్లటి చోట ఉంచి, ఒకటి రెండు రోజుల తర్వాత ముక్కలు కోస్తారు.

కోశాక ఓపిక పరీక్ష మొదలవుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు గాలి ఆడే చోట, ఎండ తగలకుండా, ముక్కకు ముక్క అంటకుండా ఆరబెట్టాలి. నీరు పోతుంది, సబ్బు గట్టిపడుతుంది, ఒంటికి నెమ్మదిస్తుంది. మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ తడి గాలిలో గ్లిజరిన్ తేమను లాక్కుని సబ్బు చెమర్చుతుంది. అప్పుడు ఇంకో రెండు వారాలు ఆగాల్సిందే. ఆ వానలకే బీడు పచ్చబడి మేకలకు పాలూ పెరుగుతాయి. పాలు పెరిగిన కాలంలో ఫ్రీజర్ నింపుకుని, వానలు తగ్గాక సబ్బు ఎక్కువగా చేసుకోవడం తెలివైన పద్ధతి.

ఇప్పుడు సబ్బు గుణం గురించి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. పైన చెప్పిన ఘానలో పాలు అయిదో వంతు. వాటిలో ఎక్కువ భాగం నీళ్లు, అవి ఆరిపోతాయి. ఒక్కో సబ్బులో నిలిచే పాల పదార్థం మూడు గ్రాముల పైచిలుకు మాత్రమే. ఆ కొద్దిపాటి కొవ్వు, చక్కెర వల్ల నురగ మెత్తగా, వెన్నలాంటి స్పర్శతో వస్తుంది. ఇంటి సబ్బు చర్మానికి హాయిగా ఉండటానికి పెద్ద కారణాలు రెండు: గ్లిజరిన్ బయటికి తీయకుండా అందులోనే ఉండటం, నూనె కొంత మిగలడం. మేకపాల సబ్బు చర్మంతో సమానమైన ఆమ్లగుణం కలదని కొందరు అట్టల మీద వేస్తున్నారు. అది అబద్ధం. నిజమైన సబ్బు ఏదైనా పీహెచ్ తొమ్మిది, పది మధ్య ఉంటుంది, చర్మం అయిదు దగ్గర ఉంటుంది. గజ్జి, తామర, సోరియాసిస్ పోతాయని చెప్పడం ఇంకా పెద్ద తప్పు.

అనుమసముద్రంపేటలో ఈ మాట మరీ ముఖ్యం. హజ్రత్ ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. చాలామంది ఏదో ఒక బాధతో వచ్చేవాళ్లే. గంధ మహోత్సవం నాటి రద్దీలో పాల సబ్బు అంగడి పెడితే బాగానే అమ్ముడుపోతుంది. బాధలో ఉన్న మనిషి దేన్నయినా నమ్ముతాడు. అందుకే ఆ వీధిలో సబ్బును సబ్బుగానే అమ్మాలి.

అమ్మేముందు చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. ఒంటి సబ్బు 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం పరిధిలోకి వస్తుంది. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం చేసి అమ్మడానికి రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం లైసెన్సు తీసుకోవాలి. ఒక్క ఇల్లు ఇవన్నీ మోయడం కష్టం. నలుగురు కలిస్తే తేలిక. కలవడం ఈ మెట్టకు కొత్త కాదు. సారా వ్యతిరేక ఉద్యమం లేచింది ఈ జిల్లా దూబగుంటలోనే. 1993లో సారా నిషేధం వచ్చాక రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఈ జిల్లాలోనే ఊరూరా పుట్టాయి. మహారాష్ట్రలో ఇప్పుడు ధారాశివ్ అని పిలిచే ఉస్మానాబాద్ ప్రాంతపు ఆడవాళ్లు మేకపాల సబ్బు చేసి అమ్ముతున్నారు. మన సంఘాలు ఎందుకు చేయకూడదు? పాలు ఒకరివి, కాటా, ఫ్రీజర్, లైసెన్సు అందరివీ. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే చేతులున్నాయి. సబ్బు కింద నీళ్లు నిలవకుండా గాళ్లు తీసిన చిన్న చెక్క పళ్లెం వాళ్లకు ఒక లెక్క కాదు. రెండూ ఒకే పొట్లంలో పెడితే రెండు ఊళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి. పశువైద్యులు, కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు మేకల శిక్షణలో పాల సంగతి కూడా ఒక పూట చెప్పాలని నా కోరిక.

కొనేవాళ్లకు ఒక మాట. పాల సబ్బు తెల్లగా మెరవదు, మీగడ రంగులోనో లేత గోధుమ రంగులోనో ఉంటుంది. పొట్లం మీద లైసెన్సు నంబరు, ఏ నూనెలు వాడారో, ఎప్పుడు చేశారో చూడండి. చేసి ఆరు వారాలు దాటిందా అని అడగండి. రోగం తగ్గుతుందని రాసి ఉంటే అక్కడే పెట్టేసి రండి. అలా రాయని సబ్బు, కొంచెం ధర ఎక్కువైనా, మేకల ఇంటి నుంచే కొనండి.