మర్యాద తెలిసిన జనసమ్మర్దము

ఉదయము 10 గంటలకు ఏసీ తరగతులకును, 11 గంటలకు తక్కినవానికిని తత్కాల్ టిక్కెట్ల అమ్మకము మొదలగునపుడు, దేశము నలుమూలలనుండి అసంఖ్యాకులైన ప్రయాణికులు ఏకకాలమున ఫోనులు పట్టుకొని కూర్చుండు ఆ ఘడియను తలచినప్పుడెల్ల, మా లోడ్ టెస్టింగ్ వృత్తియందలి ఒక కపటము నాకు స్ఫురించుచుండును.

మేము పరీక్షకై సృష్టించు జనము మిక్కిలి మర్యాదస్థులు. జేమీటర్ అను పరీక్షాసాధనములో మామూలు పద్ధతిని 500 థ్రెడ్లు, అనగా 500 మంది కృత్రిమ వినియోగదారులను, పెట్టి వదలితిమేని, ఒక్కొక్క థ్రెడ్డు ఒక రిక్వెస్టు పంపి, సర్వర్ జవాబిచ్చువఱకు కిమ్మనక నిలిచి, పిమ్మటనే మఱియొకటి పంపును. సర్వర్ ఆయాసపడినకొలది జనమును నెమ్మదించును. అనగా పరీక్ష వ్రాయువాడే ప్రశ్నపత్రమును తేలిక చేసికొనుచున్నాడన్నమాట. నిజమైన ప్రయాణికుడు అట్లు ఓర్చుకొనునా? పేజీ తెరచుకొనకున్న రిఫ్రెష్ నొక్కును, మఱల నొక్కును, ఇంటిలోని రెండవ ఫోనును గూడ రంగములోనికి దింపును.

ఇందలి గణితము సులభమే. సెకనుకు వచ్చువారి సంఖ్యను, ఒక్కొక్కరు లోపల గడపు కాలముతో గుణించినచో, లోపలనున్నవారి సంఖ్య తేలునని 1961లో జాన్ లిటిల్ నిరూపించెను. సెకనుకు 200 రిక్వెస్టులు వచ్చి, ఒక్కొక్కటి అర సెకనులో తీరుచున్నంతకాలము లోపలనుండునవి 100 మాత్రమే. డేటాబేస్ కనెక్షన్లును 100 ఉన్నచో సరిగా సరిపోవును. ఏదో క్వెరీకి ఇండెక్స్ లేక ఆ అర సెకను రెండు సెకనులైనదా, ఆ నూరు కనెక్షన్లును సెకనుకు 50కి మించి తీర్పజాలవు. తక్కిన 150 క్యూలో చేరును, పది సెకనులకు అవి 1500 అగును. విచిత్రమేమన, అప్పుడును ప్రాసెసర్ తీరికగనే కనబడవచ్చును. దానిని చూచి నిశ్చింతగా టీకి పోవువారును కలరు.

సగటు చూపి శభాషనిపించుకొను నివేదికలయందు నాకు గౌరవము లేదు. 99 మందికి అర సెకనును, నూరవవానికి 30 సెకనులును పట్టినను సగటు సెకనుకు లోపే వచ్చును. ఫోను చేసి తిట్టువాడు ఆ నూరవవాడే.

కావున పరీక్షలు చేయించు మేనేజరు మహాశయులకు నాదొక మనవి. థ్రెడ్ల సంఖ్యను గాక, సెకనుకు ఎందఱు వత్తురో ఆ వేగమును నిర్ణయించి పరీక్షింపుడు. గాట్లింగ్, కె6 సాధనములలో ఆ సౌకర్యము కలదు, క్రొత్త జేమీటర్‌లోను వచ్చినది. నివేదికలో సగటు ప్రక్కన 99వ పర్సెంటైల్ లేకున్నచో సంతకము చేయకుడు.