కులం కనిపిస్తుంది, పేరు వినిపించదు

తెలుగు సినిమా కులాన్ని చూపించటం నేర్చుకుంది. పేరు పెట్టి పలకటం మాత్రం నేర్చుకోలేదు. నిజానికి ఒకప్పుడు పలికింది, తర్వాత మానేసింది. ఈ మానేయటం వల్ల లాభం ఎవరికి, నష్టం ఎవరికి? మనం తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది.

ఇప్పుడే ఎందుకు తేల్చుకోవాలంటే, సినిమా మన ఇళ్ళల్లోకి వచ్చి కూర్చుంది. 2020లో కరోనాతో థియేటర్లు మూతపడ్డాయి. 'కలర్ ఫొటో' ఆ ఏడాది నేరుగా ఆహాలోకి వచ్చింది. 'నారప్ప', 'జై భీమ్' 2021లో నేరుగా ప్రైమ్‌లోకి వచ్చాయి. 'ఉప్పెన', 'లవ్ స్టోరీ', 'శ్రీదేవి సోడా సెంటర్' అదే ఏడాది థియేటర్లలో ఆడి, తర్వాత టీవీల్లోకి, ఫోన్లలోకి చేరాయి. ఈమధ్య వీటిని ఇంట్లో వరసపెట్టి మళ్ళీ చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అన్నింట్లోనూ పైకులం, కిందికులం గొడవే. కానీ కథానాయకుడు ఏ కులంవాడో, అతన్ని కొట్టినవాడు ఏ కులంవాడో సూటిగా తెలిసేది చాలా తక్కువ. 'మనోళ్ళు', 'వాళ్ళు', 'తక్కువోళ్ళు', 'పరువు' — ఈ నాలుగు మాటలతోనే దాదాపు పని గడిచిపోతుంది.

మరి పలికిన రోజు ఎప్పుడు? 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన సినిమా పేరే 'మాలపిల్ల'. కథ చలంది, మాటలు తాపీ ధర్మారావువి, కథానాయిక కాంచనమాల. గుడి ప్రవేశం, అంటరానితనం, బ్రాహ్మణ కుర్రవాడు మాలపిల్లని ప్రేమించటం — గాంధీగారి హరిజనోద్ధరణ కాలం నాటి సంస్కరణ సినిమా అది. మనల్ని ఉద్ధరించాల్సిన వాళ్ళుగా చూసింది తప్ప, లేచి నిలబడే వాళ్ళుగా చూడలేదు. ఆ విమర్శ చెయ్యాల్సిందే. అయినా 'మాల' అనే మాటని టైటిల్లో పెట్టటానికి ఆనాటి సినిమా జంకలేదు. ఎనభై ఏళ్ళ తర్వాత, అంబేద్కర్ రాజ్యాంగం వచ్చి, కారంచేడు వచ్చి, దండోరా వచ్చి ఇంత జరిగాక, మన సినిమా ఆ మాటని నోట్లోనే మింగేస్తోంది.

ఈ మధ్యకాలంలో మనం ఏం చేశాం? తిట్టుగా వాడిన పేరుని లాక్కుని మన పేరు చేసుకున్నాం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగినప్పుడు పేరు చివర 'మాదిగ' అని రాసుకోవటం ఒక ధిక్కారం. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1996లో 'పదునెక్కిన పాట' వచ్చినప్పుడు వెలివాడ తన పేరుతో, తన యాసతో కవిత్వంలోకి నడిచొచ్చింది. వర్గీకరణ కేసులో 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా చివరికి పేర్ల సంగతే. షెడ్యూల్డు కులాలు అనే ఒక్క మూటలో ఎన్ని పేర్లున్నాయో, ఎవరికెంత అందిందో అడగొచ్చన్న తీర్పు అది. కోర్టు పలికింది, కవిత్వం పలికింది, ఉద్యమం పలికింది. సినిమా ఒక్కటే పలకటం లేదు.

ఒక్కో సినిమా చూడండి. 'కలర్ ఫొటో' కథ మొత్తం ఒంటి రంగు చుట్టూ తిరుగుతుంది. బందరు నేపథ్యం, పాలమ్ముకుని చదువుకునే కుర్రాడు, మనసున్న సినిమా. కానీ నల్లగా ఉన్న కమ్మ కుర్రాడికో, రెడ్డి కుర్రాడికో ఆ ఒక్క కారణాన సంబంధాలు దొరకలేదని ఎక్కడన్నా విన్నామా? మన ఊళ్ళల్లో పెళ్ళిని ఆపే గోడ రంగు కాదు. రంగు గురించి మాట్లాడితే అందరికీ బాధ కలుగుతుంది, ఎవరికీ కోపం రాదు. అందుకే కులం ఉండాల్సిన చోట రంగు వచ్చి కూర్చుంటుంది.

'ఉప్పెన'లో ఆశి పూర్తిపేరు ఆశీర్వాదం. ఆ ఒక్క పేరుతో మనవాళ్ళకి సగం కథ అర్థమైపోతుంది. కానీ అతను చేపలు పట్టేవాళ్ళ పిల్లాడు. ఆంధ్రలో మత్స్యకారులు బీసీలు, దళితులు కాదు. సముద్రం మీద బతికేవాళ్ళ కష్టం వేరు, వెలివాడ కష్టం వేరు. పేరు చెప్పకపోవటంతో రెండూ కలిసిపోయి 'తక్కువ కులం' అనే ఒకే ముద్ద అవుతాయి. ఇది ఐక్యత అనుకుంటే పొరపాటు. ఎవరెవరో తెలిశాకే కదా ఐక్యత!

'లవ్ స్టోరీ' ఇంకొంచెం ముందుకెళ్ళింది. ఆర్మూరు నుంచి వచ్చిన దళిత క్రైస్తవ కుర్రాడు, జుంబా నేర్పుతాడు, తన సొంత కాళ్ళ మీద నిలబడాలనుకుంటాడు. ఇంతవరకూ కొత్తగా ఉంది. తీరా చివరికొచ్చేసరికి అమ్మాయి ఇంట్లోనే ఉన్న ఒక దుర్మార్గుడి మీదికి కోపమంతా మళ్ళుతుంది. పిల్లల మీద లైంగిక హింస చిన్న విషయం కాదు, దాన్ని సినిమా ఎత్తుకోవటం మంచిదే. కానీ ఆ ఇంట్లో అటువంటి మనిషి లేకపోతే? అందరూ పద్ధతైన వాళ్ళే అయితే? అప్పుడు ఆ పిల్లని దళితుడికిచ్చి పెళ్ళి చేసేవాళ్ళా? చెయ్యరు. చాలా ఇళ్ళల్లో అమ్మాయిని ఆపేది దుర్మార్గులు కాదు, ఊరంతా మంచివాళ్ళనుకునే పెద్దమనుషులే. ఈ సంగతి 'శ్రీదేవి సోడా సెంటర్'కి తెలుసు. అందులో కన్నతండ్రే కూతుర్ని చంపుతాడు. కరుణకుమార్ అంతకుముందు 'పలాస 1978' తీసినవాడు, ఇటువంటి చోట తడబడడు. 2018లో మిర్యాలగూడలో జరిగిన హత్యని పత్రికలన్నీ 'పరువు హత్య' అనే రాశాయి. ఎవరి పరువు? కులం పరువు. 'కుల హత్య' అంటే హంతకుడి కులం కూడా అడగాల్సొస్తుంది. 'పరువు' అంటే అడగక్కర్లేదు.

'నారప్ప' దగ్గర కాసేపు ఆగాలి. తమిళంలో వెట్రిమారన్ 2019లో తీసిన 'అసురన్'కి ఇది రీమేక్. మూలం పూమణి నవల 'వెక్కై'. 'అసురన్'లో భూమి అంటే ఉత్త భూమి కాదు, పంచమి భూమి. బ్రిటిష్ వాళ్ళు 1892లో దళితులకు కేటాయించి, తర్వాత చేతులు మారిపోయిన భూములవి. గుడిసెలు తగలబెట్టే సన్నివేశం చూస్తే తమిళ ప్రేక్షకుడికి 1968లో 44 మందిని కాల్చి చంపిన కీళ్వెణ్మణి గుర్తొస్తుంది. సినిమా విడుదలయ్యాక తమిళనాడులో పెద్ద పార్టీల నాయకులే పంచమి భూముల మీద ఒకర్నొకరు నిలదీసుకున్నారు. తెలుగులోకి చెప్పుల అవమానం వచ్చింది, కత్తి వచ్చింది, వెంకటేష్ నటన వచ్చింది. కథ అనంతపురం వెళ్ళింది. కానీ రీమేక్ చూసి ఇక్కడ ఏ నాయకుడైనా అసైన్డ్ భూముల గురించి నోరు విప్పాడా? 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం మనకుంది. మన నేలమీద కూడా 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె ఉంది, 1991 ఆగస్టు 6న చుండూరు మాలపల్లె ఉంది. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్షింపేటలో మడ్డువలస రిజర్వాయరు భూముల దగ్గర ఐదుగురు దళితుల్ని చంపారు. అంటే 'అసురన్' లాంటి కథ కోసం తమిళనాడు దాకా పోవాల్సిన పనిలేదు. కానీ ఇక్కడి కథ తీస్తే కమ్మ అనాలి, రెడ్డి అనాలి, తూర్పుకాపు అనాలి. అరువు కథలో ఆ బాధ లేదు!

హంతకుడి పేరు పలికితే ఏమవుతుందో 'జై భీమ్' చెప్పింది. 1993 నాటి ఒక లాకప్ మరణం, దానిమీద అప్పట్లో న్యాయవాదిగా ఉన్న చంద్రు పోరాటం ఆ కథ. చిత్రహింసలు పెట్టిన పోలీసు ఇంట్లో గోడమీద ఒక క్యాలెండరు కొన్ని క్షణాలు కనపడుతుంది. దానిమీద ఉన్నది వన్నియార్ల గుర్తు. అంతే, పెద్ద గొడవ లేచింది. నిర్మాతలు ఆ గుర్తు కనపడకుండా మార్చేశారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఎంత అనేది వేరే చర్చ. మనం చూడాల్సింది ఒకటే. సినిమా పొడుగునా ఇరుల కులం పేరు వినిపించింది, దాన్ని తియ్యమని ఎవరూ అడగలేదు. బాధితుడి కులం సినిమాలో ఉండొచ్చు, బాధపెట్టిన వాడి కులం క్యాలెండరులో కూడా ఉండకూడదు.

పేరు పలికీ జనాన్ని మెప్పించొచ్చని మరాఠీలో నాగరాజ్ మంజులే రుజువు చేశాడు. ఆయన పుట్టింది వడార్ కులంలో, అంటే మన వడ్డెరలే. 2013లో వచ్చిన 'ఫండ్రీ'లో జబ్యా కైకాడీ కులం పిల్లాడు. సినిమా పేరుకే వాళ్ళ భాషలో పంది అని అర్థం. చంపిన పందిని మోసుకుంటూ ఆ కుటుంబం నడుస్తుంటే వెనక బడిగోడ మీద అంబేద్కర్, ఫూలే, సావిత్రీబాయి బొమ్మలుంటాయి. చివర్లో జబ్యా విసిరిన రాయి సూటిగా మనమీదికే వస్తుంది. 2016లో 'సైరాట్' తీస్తే అందులో అమ్మాయి పాటిల్, అబ్బాయి పార్ధీ. మహారాష్ట్ర అంతా విరగబడి చూసింది. అదే కథని 2018లో హిందీలో 'ధడక్' పేరుతో తీసినప్పుడు కులం పలచబడిపోయింది, ఉదయ్‌పూర్ సరస్సులు మిగిలాయి. అంటే రీమేక్‌లో ముందుగా రాలిపోయేది కులం పేరే.

దీనికి ఎదురువాదన లేకపోలేదు. కులం పేరుతో దూషించటం 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద నేరం కాబట్టి పేరు ఎత్తకపోవటమే మర్యాద కదా అంటారు. చట్టం ఆపమన్నది దూషణని, పేరుని కాదు. ఇంకో వాదన మనవాళ్ళదే: 'పేరు చెప్పకపోయినా మనకి తెలుస్తుంది కదా, అదే చాలు.' అవును, తెలుస్తుంది. చెప్పులు చేత పట్టుకుని నడవగానే తెలుస్తుంది. ఆశీర్వాదం అనగానే తెలుస్తుంది. ఈ మాటలో నిజముంది. పేరు లేకపోయినా మన తల్లులు ఆ సినిమాలు చూసి ఏడ్చారు, కుర్రాళ్ళు ఈలలేశారు. కానీ దీన్ని తిరగేసి చూడండి. గుర్తుపట్టే పని మనకి వదిలేశారు. గుర్తుపట్టకుండా ఉండే సౌకర్యం వాళ్ళకిచ్చారు. పైకులం ప్రేక్షకుడు నారప్ప కోసం కన్నీళ్ళు పెట్టుకోవచ్చు, ఆ భూస్వామి తన మేనమామ లాగే ఉన్నాడని అనుకోకుండానే లేచి అన్నం తినొచ్చు. పేరు దాచింది మన గౌరవం కోసం కాదు, ఆయన భోజనం పాడవకుండా ఉండటం కోసం.

ఇంట్లో చూడటం ఇక్కడే ముఖ్యమవుతుంది. థియేటర్లో చీకటి ఉంటుంది, పక్కవాడెవడో తెలియదు. పట్నంలో మనలో చాలామంది ఉండేది అద్దె ఇళ్ళల్లో. 'మీరేమిట్లు?' అని అడక్కుండా ఇల్లిచ్చేవాళ్ళు ఎంతమంది? అబద్ధం చెప్పో, మాట దాటేసో ఇంట్లో దిగినవాళ్ళు 'జై భీమ్' చూడాలంటే సౌండు తగ్గించుకోవాలి. గోడ అవతల ఓనరుంటాడు. హాస్టలు పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తారు. ఇంటి దాకా వచ్చిన సినిమాని ఇంట్లో కూడా గుసగుసగా చూడాల్సిన స్థితి మనది. తెరమీద పేరు మింగేసేవాళ్ళకి ఈ గుసగుస ఎందుకో తెలియదు. తెరమీద ఆ పేరు మామూలుగా, నిబ్బరంగా వినపడితే గోడ ఇవతల మన నోరు కూడా కొంచెం పెగులుతుంది.

ఇంకో లోటు ఆడవాళ్ళది. 'మాలపిల్ల'లో కనీసం పిల్ల ఉంది. ఇప్పటి ప్రేమకథల్లో దాదాపు ప్రతిసారీ అబ్బాయి మనవాడు, అమ్మాయి పైకులం. దళిత స్త్రీ తల్లిగా మిగిలిపోయింది. లేదా ఫ్లాష్‌బ్యాక్‌లో చచ్చిపోవటానికే వస్తుంది. 2023లో 'మేడ్ ఇన్ హెవెన్' సిరీస్ రెండో సీజన్లో నీరజ్ ఘైవాన్ తీసిన భాగంలో చదువుకున్న దళిత స్త్రీ తానెవరో చెప్పుకుని, అంబేద్కర్ ఫొటో ముందు బౌద్ధ పద్ధతిలో పెళ్ళి చేసుకుంటుంది. చాలా ఇళ్ళల్లో ఆడపిల్లలు దాన్ని మళ్ళీ మళ్ళీ చూశారు. కానీ అది తన జీవితం, తన ఆలోచన అనీ, తన పేరు మాత్రం లేదనీ రచయిత్రి యాషికా దత్ అన్నారు. తయారీదారులు కాదన్నారు. ఎవరిది ఒప్పన్నది పక్కన పెట్టినా, కులం పేరు పలికిన చోట కూడా దాన్ని మొదట ధైర్యంగా పలికిన దళిత స్త్రీ పేరు దగ్గరే తగాదా వచ్చిందని మాత్రం గుర్తుంచుకోవాలి.

కాబట్టి సినిమా బాగుందా లేదా అన్నదగ్గరే మన చర్చ ఆగిపోకూడదు. పత్రికల సమీక్షల్లో 'అణగారిన వర్గానికి చెందిన యువకుడు' అని రాస్తే ఏ వర్గం అని ఉత్తరం రాసి అడగాలి. టీచర్లు క్లాసులో, విద్యార్థులు హాస్టల్లో సినిమా అయిపోగానే మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు: ఇతనిదే కులం? కొట్టినవాడిదే కులం? ఇట్లాంటిది మన ఊళ్ళో ఎప్పుడు జరిగింది? మూడో ప్రశ్నకి జవాబు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరుంటుంది. పేర్లతో సహా ఉంటుంది. అది రాసి పెట్టుకోవాలి. రేపు మన పిల్లల్లో ఎవరైనా కెమెరా పట్టుకుంటే కథ కోసం తమిళం వైపు చూడాల్సిన అవసరం రాకూడదు.