గుప్పెడు గింజలు

తెలుగు నేల మీద మాల, మాదిగ పల్లెలు క్రైస్తవంలోకి వచ్చినప్పుడు వాళ్ళ మీద పడ్డ మొదటి నింద తిండి గురించే. గంజి కోసం మతం మారారన్నారు. ధాత కరువు రోజుల్లో, అంటే 1876-78 ప్రాంతంలో, ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఆ మాట పడకూడదనే కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకుని, కూలి ఇచ్చి జనాన్ని బతికించారు. అడిగినవాళ్ళకి బాప్తిస్మం మాత్రం అప్పుడు ఇవ్వలేదు. కరువు దాటాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అయినా నింద పోలేదు. ఇప్పటికీ పోలేదు. దానికి నిలకడగా జవాబు చెప్పింది ఆ పల్లెల ఆడవాళ్ళు. ఏ గింజల పేరుతో తమని తక్కువ చేశారో ఆ గింజలతోనే చెప్పారు. పొయ్యి మీద ఎసరు పెట్టాక, కొలిచిన బియ్యం కడగడానికి ముందు ఒక గుప్పెడు తీసి పక్కన కుండలో వేశారు. పూటపూటా వేశారు. అది దేవుడి పాలు.

ఈ పద్ధతిలో చూడవలసింది ఆ గుప్పెడు ఎప్పుడు తీస్తారన్నది. వండి, అందరూ తిన్నాక మిగిలింది ఇస్తే అది మిగులు. వండకముందే తీస్తే ఆ పూట ఇంటిల్లిపాదికీ ఒక గుప్పెడు తగ్గుతుంది. తీసే చేతికి ఆ సంగతి తెలుసు. కొందరు తీస్తూ ఒక చిన్న ప్రార్థన చేసుకుంటారు, కొందరు ఏమీ అనరు. కుండ నిండాక ఆదివారం గుడికి తీసుకెళ్తారు, లేదా సంఘంలో ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరిగి పోగుచేస్తారు. ఆ గింజలు కొంత ఉపదేశి కుటుంబానికి చేరతాయి. కొంత అమ్మి ఆ డబ్బు సంఘం ఖర్చులకీ, దిక్కులేని వాళ్ళకీ వాడతారు. గుప్పెడు బియ్యం అంటాం గానీ తెలంగాణ మెట్ట పల్లెల్లో అది చాలాకాలం జొన్నల గుప్పెడే. కూలి గింజల రూపంలో వచ్చే ఇళ్ళు అవి. వరి అన్నం పండుగనాటి మాట. చేతిలో పైసా ఆడని ఆడమనిషికి తన పెత్తనం కింద ఉన్నదల్లా ఆ పూట కొలిచే గింజలే. ఇవ్వగలిగింది ఆమె వాటిలోంచే ఇచ్చింది.

లేఖనాల్లో దీనికి తోబుట్టువులు చాలామంది ఉన్నారు. సారెపతు విధవరాలు తనకీ కొడుక్కీ ఆఖరి రొట్టెకని ఉంచుకున్న పిండిలోంచి ముందు ఏలీయాకి చేసిపెట్టింది. వారం మొదటి రోజున ఎవరికి కలిగినకొద్దీ వాళ్ళు తీసి ఉంచాలని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. పల్లె స్త్రీ దాన్ని వారానికి కాకుండా పూటకి తెచ్చుకుంది.

ఈ అలవాటుకి ఒక వ్యవస్థలో చోటిచ్చిన మనిషి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళైలో పుట్టిన తమిళుడు. మిషనరీగా నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకల్ ఆయన ఊరు. ఆయన అధికారం కింద ఉన్న క్రైస్తవుల సంఖ్య ఆ కాలంలో రెండు లక్షలు దాటింది. వాళ్ళలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు.

అజరయ్య పట్టుబట్టిన విషయం ఒకటుంది. పేదవాళ్ళు కదా, విదేశీ డబ్బుతో నడుపుదాం అన్న జాలి ఆయనకి నచ్చేది కాదు. పుచ్చుకోవడమే తెలిసిన సంఘం ఎప్పటికీ ఎదగదని ఆయన నమ్మారు. క్రైస్తవుడు ఎందుకు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నదాని మీద ఒక పుస్తకమే రాశారు. డబ్బు లేకపోతే గింజలు, గింజలు లేకపోతే కోడిగుడ్డు, కూరగాయ, ఒక రోజు పని. ఈ పట్టుదలలో కాఠిన్యం ఉందని అనుకునేవాళ్ళు ఉంటారు. నాకు మాత్రం ఇందులో గొప్ప మర్యాద కనిపిస్తుంది. తరతరాలుగా ఊరి చివర చేయి చాచి నిలబడమన్న మనిషిని పిలిచి, నువ్వు కూడా ఇవ్వగలవాడివి, నీ గుప్పెడు కోసం సంఘం ఎదురుచూస్తోంది అని చెప్పడం చిన్న సంగతి కాదు. అంతకుముందు ఆ మనిషితో ఆ మాట అన్నవాళ్ళు లేరు.

ఇవ్వడం గింజల దగ్గర ఆగలేదు. డోర్నకల్‌లో బాప్తిస్మం పొందినవాళ్ళు తమ చేయి తమ తల మీదే పెట్టుకుని, సువార్త చెప్పకపోతే దోషం తమదేనన్న అర్థంలో పౌలు అన్న మాట పలికేవారు. ఏడాదిలో ఒక వారం సాక్ష్యానికని కేటాయించేవారు. చదువు రాని కూలీలు సైతం పాటలు పాడుకుంటూ పక్క ఊళ్ళకి వెళ్ళేవారు. కూలినాలి మీద బతికే ఇంట్లో పని మానుకుని తిరగడం కూడా కానుకే. తాగుడు మానడం, చచ్చిన గొడ్డు మాంసం మానడం, కలహాలు సంఘంలోనే తీర్చుకోవడం వంటి నియమాలు కూడా వచ్చాయి. 1930ల్లో శూద్ర కులాల నుంచి చాలామంది క్రైస్తవంలోకి వచ్చినప్పుడు కారణం అడిగితే, మా ఊరి మాల మాదిగల బతుకులో వచ్చిన మార్పు చూశామని చెప్పారట. ప్రసంగాలకి లొంగని ఊళ్ళని కళ్ళెదుట సాగిన నడవడి కదిలించింది.

ఇదే అలవాటు మిజో కొండల్లో మరింత బలంగా పాతుకుంది. అక్కడ దీన్ని బుహ్‌ఫై థామ్ అంటారు, పిడికెడు బియ్యం అనే దాని అర్థం. 1910లో మొదలైంది. అది మొదలైన కొద్దికాలానికే, 1911-12లో, వెదురు పూసి ఎలుకలు పెరిగి పంట తినేసిన మౌతమ్ కరువు వచ్చింది. అంత కరువులోనూ అలవాటు బతికి బయటపడింది. నేటికీ మిజో ప్రెస్బిటేరియన్ ఇళ్ళలో వంటకి ముందు గుప్పెడు తీస్తున్నారు, స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి పోగుచేస్తున్నారు. అమ్మగా వచ్చిన సొమ్ము మిషను పనికి పోతుంది. ఒకప్పుడు వేల్స్ నుంచి మిషనరీలు వచ్చిన కొండలు ఇప్పుడు దేశం నలుమూలలకీ మిషనరీలని పంపుతున్నాయి. ఈ పద్ధతి ఒక్క క్రైస్తవుల సొత్తే అనడం లేదు. తమిళనాట కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వాములు కూడా ఇంటింటా పిడికెడు బియ్యం తీసిపెట్టే పథకాన్ని ప్రోత్సహించారు. వంటింటి నుంచి ధర్మం నడపవచ్చని మన దేశపు ఆడవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి. మన ఇళ్ళలో చివర తినేది ఆడమనిషి. గుప్పెడు తగ్గితే తగ్గేది ఎవరి కంచంలో? భర్త కంచంలోనూ కాదు, పిల్లల కంచంలోనూ కాదు. ఆ త్యాగాన్ని సంఘం వేదిక మీద పొగుడుతుంది. ఆ గింజలు ఎలా ఖర్చుపెట్టాలో తేల్చే కమిటీలో మాత్రం ఆమెకి చాలాకాలం కుర్చీ దొరకలేదు. మార్పు రాలేదని కాదు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో 2013లో మొదటి మహిళా బిషప్పు అయినవారు మన నంద్యాల అధ్యక్ష మండలానికి చెందిన ఎగ్గోని పుష్పలలిత. కానీ ఊరి సంఘాల్లో లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందో చూస్తే ఇంకా చాలా దూరం ఉందని తెలుస్తుంది.

ఇప్పుడు కూలి డబ్బు రూపంలోనే వస్తోంది, బియ్యం రేషన్ షాపులో వస్తోంది. చాలా ఊళ్ళలో గుప్పెడు పోయి ఏడాదికో బస్తా అయింది, పట్నాల్లో కవరూ ఫోనులో స్కానూ అయింది. డబ్బు చేరే దారి మారితే నాకేమీ అభ్యంతరం లేదు. నా దిగులల్లా పూటపూటా చేసే అభ్యాసం పోతోందనే. నెలకోసారి మీట నొక్కితే నెలకోసారే గుర్తుంటుంది. గుప్పెడు తీసే చేయి రోజుకి రెండుసార్లు, తనకి ఆకలిగా ఉన్నప్పుడే, ఇంకొకరి ఆకలిని తలుచుకుంటుంది. పైగా ఇంత ఇస్తే దేవుడు వందంతలు తిరిగిస్తాడని టీవీల్లో గట్టిగా బోధిస్తున్న కాలం ఇది. ఎసరు మరుగుతుండగా గుప్పెడు తీసే మనిషి అలాంటి బేరం ఏదీ పెట్టుకోలేదు.

తిరిగి మొదలుపెట్టాలనుకునే సంఘాలకి దారి కష్టమేమీ కాదు. కొత్త డబ్బా ఒకటి పొయ్యి గట్టు మీద పెట్టుకుంటే చాలు. బియ్యం తినడం తగ్గించిన ఇళ్ళలో పప్పయినా ఫరవాలేదు. మగవాళ్ళు వండే ఇళ్ళలో మగవాళ్ళే తీయాలి. పోగైన గింజలు ఊళ్ళో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళకి, కులం, మతం అడగకుండా, నేరుగా చేరాలి. ఎవరికి చేరాలన్నది గింజలు తీసిన ఆడవాళ్ళే కూర్చుని తేల్చాలి, ఆ లెక్క ఆదివారం ఆరాధనలో వాళ్ళే చదవాలి.